కొండ మీదికి ఏ 120 కెమెరా మోయాలి? (నవంబరులో సందక్‌ఫూ)

మబ్బులదారి, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో డార్జిలింగ్ వైపు, నేపాల్ సరిహద్దులో ఉన్న సందక్‌ఫూ కొండకి వెళ్తున్నాం, ఆరు రోజుల నడక. మానేభంజన్‌లో మొదలుపెట్టి తుమ్లింగ్, కాలిపోఖ్రి మీదుగా సందక్‌ఫూ, అక్కణ్ణుంచి ఫాలుట్. 3,636 మీటర్ల ఎత్తులో నిలబడితే ఒకవైపు కాంచనగంగ, ఇంకోవైపు ఎవరెస్టు, లోత్సే, మకాలు కనిపిస్తాయి. మబ్బు పట్టకపోతేనే అనుకోండి.

ఇన్నాళ్లూ 35 మి.మీ. కెమెరాతోనే తిరిగాను. కేదార్‌కంఠలో తీసిన ఒక ఫ్రేముని గోడకి పెద్ద ప్రింటు వేయిస్తే మంచు మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్ కనిపించింది. అప్పటినుంచి 120 (పెద్ద నెగటివ్ వచ్చే వెడల్పు రీలు) మీద మనసు పడింది. ఫిల్ముతో కలిపి లక్ష దాటకూడదు. మామియా 7 ఆ లెక్కకి అందదని తెలుసు. ఫూజీ జీడబ్ల్యూ 690, ఫూజీ జీఏ 645, పెంటాక్స్ 67 చూస్తున్నాను. ఒక స్నేహితుడు తన హాసెల్‌బ్లాడ్ పట్టుకెళ్లమంటున్నాడు, కానీ అంత ఖరీదైన వస్తువు ఎరువు తీసుకుని రాళ్లలో తిరగడానికి భయంగా ఉంది. ఇంట్లో మామయ్య ఇచ్చిన యాషికా మ్యాట్ 124జీ ఒకటుంది గానీ మీటరు పనిచేయదు. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నడిచేటప్పుడు నిజంగా మోసినవాళ్లు చెప్పండి.

నల్లమల_నడక, కర్నూలు:

కెమెరా పేర్ల దగ్గర మొదలుపెట్టకు తమ్ముడూ, బరువు దగ్గర మొదలుపెట్టు. పెంటాక్స్ 67 ప్రిజము, లెన్సుతో రెండు కిలోలు దాటుతుంది. జీడబ్ల్యూ 690 కిలోన్నర. హాసెల్‌బ్లాడ్ కూడా 80 లెన్సు, ఫిల్ము మ్యాగజైను పెట్టాక దాదాపు అంతే. జీఏ 645 ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు. ఇంట్లో కూర్చుని ఈ అంకెలు చదివితే తేడా తెలీదు.

ఒక ఏడాది చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్తూ రెండు కిలోల పైన ఉన్న కెమెరా పట్టుకెళ్లాను. మొదటి గంట మెడలో ఉంది. లోయలోకి దిగడం మొదలయ్యాక రాళ్లకి తగులుతోందని బ్యాగులో పెట్టాను. అంతే, ఇక అది బయటికి రాలేదు. రాళ్లు పట్టుకుని దిగే ముసలమ్మలు, చంకలో పిల్లాడితో దిగే తల్లులు, గుండం దగ్గర తడిబట్టల వరస, అన్నీ కళ్లతో చూసి వచ్చేశాను. మూడు రీళ్లు తీసుకెళ్తే రెండు రీళ్లు చుట్టిన కాగితం చుట్టినట్టే ఇంటికొచ్చాయి.

కొనేముందు ఒక పని చెయ్యి. లీటరు నీళ్ల సీసా కిలో. లీటరున్నర నింపితే జీడబ్ల్యూ 690. గుడ్డసంచిలో వేసి మెడకి వేలాడదీసుకుని భువనగిరి కోట ఎక్కి దిగు. తర్వాత మాట్లాడుకుందాం.

సియాటిల్_చినుకు:

నేను జీఏ 645 పదేళ్లుగా మోస్తున్నాను. మౌంట్ రైనియర్ చుట్టూ తిరిగే వండర్‌లాండ్ ట్రెయిల్ 93 మైళ్లు, దాంట్లో సగం దీనితోనే నడిచాను. ఆటోఫోకస్, లోపలే మీటరు, మోటారుతో రీలు తనే చుట్టుకుంటుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఈ మూడూ ఎంత సాయమో చెప్పలేను. ఒక విషయం ముందే తెలుసుకోండి, దీన్ని మామూలుగా పట్టుకుంటే ఫ్రేము నిలువుగా వస్తుంది. అడ్డంగా కావాలంటే కెమెరాని తిప్పాలి. మొదట్లో చిరాకు పడ్డాను. ఇప్పుడు నిలువు ఫ్రేములోనే కొండ, దాని కిందున్న దారి, నా ముందు నడిచే మనిషి ముగ్గురూ పడుతున్నారు.

భయం ఒక్కటే. ఇది 1995లో వచ్చిన ఎలక్ట్రానిక్ కెమెరా. వెనక ఉన్న చిన్న తెర పోయినా, లోపల రిబ్బను కేబుల్ తెగినా విడిభాగాలు దొరకవు. బ్యాటరీలు రెండు సీఆర్ 123ఏ. చలిలో త్వరగా నీరసిస్తాయి కాబట్టి అదనపు జత చొక్కా లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకోవాలి.

వెలుగుకొలత, బెంగళూరు:

నెగటివ్ లెక్క ముందు చూద్దాం. 35 మి.మీ. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. 645 అంటే దాదాపు 56×42, అంటే 2.7 రెట్ల వైశాల్యం. 6×6 అంటే 56×56, మూడున్నర రెట్ల పైన. 6×7 నాలుగున్నర. 6×9 అయిదున్నరకి దగ్గర. మీ గోడమీది ప్రింటులో ఇసుక తగ్గడానికి 645 చాలు. అయితే 6×9లో రీలుకి ఎనిమిదే ఫ్రేములు, 6×6లో పన్నెండు, 645లో పదిహేనో పదహారో. ఆరు రోజుల నడకలో ఎనిమిదేసి చొప్పున తీస్తే ఎంత ఫిల్ము మోయాలో, గాలిలో ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకోండి.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటి. కాంచనగంగ అక్కణ్ణుంచి చాలా దూరం. మీరు చూస్తున్న స్థిర లెన్సు కెమెరాలన్నీ 35 మి.మీ. కెమెరా లెక్కలో 37, 39 మి.మీ. లెన్సు దగ్గర ఉండేవే, అంటే కాస్త వెడల్పుగా చూసేవి. కంటికి ఆకాశమంత కనిపించే కొండ నెగటివ్ మీద అరంగుళం గీతలా పడుతుంది. కొండే ముఖ్యమైతే దూరాన్ని దగ్గరికి లాగే 150 మి.మీ. లెన్సు తగిలించే మామియా 645 లాంటిది చూడాలి. దారీ, మనుషులూ, గుడిసెలూ ముఖ్యమైతే మామూలు లెన్సు చాలు. మీరు ఏం తీస్తారో ముందు తేల్చుకోండి.

పాతస్టూడియో, తెనాలి:

బాబూ, ఆ మీటరు చచ్చిన యాషికా గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

మా ఊళ్లో పెళ్లి ఫోటో అంటే 120 రీలే. నీ యాషికా లాంటి రెండు కళ్ల కెమెరా పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పై గ్లాసులోకి చూస్తూ "కొంచెం దగ్గరికి జరగండి" అనేవాళ్లం. పన్నెండు ఫొటోలకి ఒక రీలు, రెండు రీళ్లతో పెళ్లి అయిపోయేది. నెగటివ్ పెద్దది కాబట్టి ముఖం మీది మచ్చలు పెన్సిలుతో దిద్దేవాళ్లం. ఇళ్లలో అయితే అగ్ఫా క్లిక్ 3 ఉండేది, అదీ 120 రీలే. ఆ యాషికాలకి మీటరు పనిచేసినా మేం వాడేవాళ్లం కాదు. ఎండ ఎలా ఉందో చూసి ఎపర్చరు (లెన్సు రంధ్రం, ఎఫ్ అంకెతో చెప్పేది) పెట్టడమే.

124జీ కిలో వంద గ్రాములు. నీళ్ల సీసా లెక్కలో లీటరు కంటే కాస్త ఎక్కువ. షట్టరుకి బ్యాటరీ అక్కర్లేదు, మీటరుకే కావాలి. 80 మి.మీ. ఎఫ్/3.5 యాషినాన్ లెన్సు, ఎఫ్/8, 11 దగ్గర చాలా చక్కగా ఉంటుంది. దాన్ని ఒకసారి బయటికి తియ్యి. ఏ స్థితిలో ఉందో రాయి.

మబ్బులదారి:

నమస్తే బాబాయిగారూ. మీరు రాశాక నిన్న రాత్రి అటక మీదినుంచి దించాను. తోలు సంచి విరిగిపోతోంది. పై మూత తెరిస్తే గ్లాసు మీద దుమ్ము, ఒక మూల చిన్న చీమ చచ్చి ఉంది. క్రాంకు తిరుగుతోంది. 1/500 నుంచి 1/60 దాకా టిక్కుమంటోంది. 1 సెకను పెడితే కిర్రుమంటూ మూడు సెకన్ల దాకా సాగింది. వెనక మూత తెరిస్తే నల్లటి జిగురు వేలికి అంటుకుంది. కింది లెన్సు అంచున సాలెగూడు లాంటి సన్నని దారాలున్నాయి.

పాతస్టూడియో:

నల్ల జిగురు అంటే పాత ఫోము. అరవై, డెబ్భైల కెమెరాలన్నిట్లో అదే గతి. స్పిరిట్ తడిపిన దూదితో మెల్లగా తుడిచి, కొత్త ఫోము కత్తిరించి అంటించాలి. లేకపోతే వెలుతురు లోపలికి కారి, ఫ్రేము అంచున నారింజరంగు చార పడుతుంది. నెమ్మది స్పీడు సాగడం అంటే గ్రీజు ఎండిపోయింది. సర్వీసింగ్ చేయించాలి. అలా వదిలేస్తే కొండ మీది చలికి ఇంకా సాగుతుంది. సెల్ఫ్ టైమరు మాత్రం ముట్టుకోవద్దు, ఈ కెమెరాల్లో అది ఇరుక్కుంటే షట్టరు మొత్తం ఆగిపోతుంది.

ఇప్పుడు లెన్సు. షట్టరు బి మీద (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే గుర్తు) తెరిచి పట్టుకుని, వెనకనుంచి టార్చి వేసి చూడు. దారాలు అంచున ఉంటే కొండ ఫొటోల్లో పెద్దగా తెలియదు. మధ్యలో పొగలా ఉంటే మాత్రం సూర్యుడికి ఎదురుగా తీసినవన్నీ తెల్లబోతాయి.

చిత్తడిగాలి, విశాఖపట్నం:

లెన్సు మీది ఆ దారాలు బూజు. దాని గురించి నేను చెప్తాను, మా ఊరి గాలికి అది మాకు చుట్టమే. మొదట్లోనే విప్పి శుభ్రం చేయిస్తే పోతుంది. ఆలస్యమైతే బూజు గ్లాసు మీది పూతని తినేసి గుర్తు శాశ్వతంగా ఉండిపోతుంది. శుభ్రం చేయించాక దాన్ని తోలు సంచిలో పెట్టొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్. రంగు మారగానే మూకుట్లో వేయించి మళ్లీ వాడుకోవచ్చు.

సియాటిల్_చినుకు:

పెద్దాయన మాట కాదనడం లేదు. అయినా నేను అడ్డం చెప్పాలి. రెండు కళ్ల కెమెరా కొండ మీద కష్టం. గ్లాసులో బొమ్మ ఎడమ కుడి తారుమారు, నడిచే మనిషిని ఫ్రేములో పట్టాలంటే చెయ్యి తప్పు వైపుకి పోతుంది. రీలు మార్చడానికి గ్లవ్స్ విప్పాలి. గాలిలో కాగితం చివర స్పూలు గాడిలో దూర్చడం పదిసార్లు చేస్తేగానీ చేతికి రాదు. చూస్తుండగానే మబ్బు కమ్మేసే చోట ఇవన్నీ ఫ్రేములు పోగొడతాయి. వెలుతురు మారే లోపు తీయాలంటే రేంజ్‌ఫైండరో (కిటికీలోంచి చూస్తూ ఫోకస్ సరిపెట్టేది), ఆటోఫోకసో ఉండాలి.

నిదానంగా తీసేవాళ్లకి మాత్రం పెద్ద కెమెరా పనికొస్తుంది, ఒప్పుకుంటాను. ఆన్సెల్ ఆడమ్స్ 1960లో యోసెమిటీలో హాఫ్ డోమ్ మీద చంద్రుణ్ణి తీసింది హాసెల్‌బ్లాడ్‌తోనే. కానీ అలాంటి ఫొటోకి ఒకచోట నిలబడి కాచుకోవాలి. మీరు గ్రూపుతో నడుస్తున్నారు, గైడు మీకోసం ఆగడు.

నల్లమల_నడక:

చినుకు గారూ, నా ఓటు ఈ రెండిటికీ కాదు, మడతపెట్టే కెమెరాకి. అగ్ఫా ఐసోలెట్, జైస్ ఐకాన్ ఇకొంటా లాంటివి. అరకిలో అటూ ఇటూ, మూస్తే ప్యాంటు పక్క జేబులో పట్టేస్తాయి. సలేశ్వరం తర్వాత నేను మారింది దీనికే. బటను నొక్కగానే బెల్లోస్ (మడతల తిత్తి) తెరుచుకుంటుంది, దూరాన్ని కంటితో అంచనా వేసి ఎఫ్/11 పెడతాను. అయిదారు మీటర్ల అవతల ఉన్నవన్నీ ఫోకస్‌లో పడతాయి.

కొనేటప్పుడు చీకటిగదిలో బెల్లోస్ లోపల టార్చి వేసి మూలలన్నీ చూడాలి. నా మొదటిదానికి నేను చూడలేదు. మూడు రీళ్లు కడిగించాక ప్రతి ఫ్రేములో ఒకే చోట తెల్లని చుక్క, చీమ కుట్టినంత చిల్లు. వెనక ఎర్ర కిటికీలోంచి అంకె చూసి చుట్టే రకాలైతే ఆ కిటికీని ఎండలో చేత్తో కప్పి చుట్టాలి.

మబ్బులదారి:

ఆదివారం భువనగిరి వెళ్లొచ్చాను. లీటరున్నర సంచి మెడకి కట్టుకుని ఎక్కితే సగం దూరంలోనే మెడ వెనక తాడు కోసుకుంది, చేత్తో పట్టుకుని ఎక్కాను. దిగేటప్పుడు లీటరు చిల్లరకి తగ్గించి, తాడు మెడలో కాకుండా భుజంమీంచి అడ్డంగా వేసుకుంటే, సంచి ఉన్న సంగతే మరిచిపోయాను. 690 అక్కడితో పోయింది, 67 గురించి ఇక అడగను.

జీఏ 645కీ యాషికాకీ మధ్య రెండు రోజులు కొట్టుకున్నాను. చినుకు గారు చెప్పినవన్నీ నిజమే. కానీ ఎలక్ట్రానిక్స్ ఆగిపోతే తుమ్లింగ్‌లో చేసేదేమీ లేదు. పైగా దాని డబ్బు మిగిలితే పన్నెండు రీళ్లు, సర్వీసింగ్, కడిగించడం, స్కానింగ్ అన్నీ అయిపోతాయి. యాషికానే తీసుకెళ్తున్నాను. షట్టరు సర్వీసింగుకి ఇచ్చేశాను. ఏడు రీళ్లు హెచ్‌పీ5 (నలుపు తెలుపు), అయిదు పోర్ట్రా 400 (రంగు).

వెలుగుకొలత:

మంచి నిర్ణయం. మీటరుకి ఒక దారి ఉంది. 124జీ మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసింది, అది ఇప్పుడు దొరకదు. మామూలు ఆల్కలైన్ 1.5 వోల్టులు, లెక్క తప్పుతుంది. చెవి మిషన్లకి వాడే 675 సైజు జింక్ బ్యాటరీ 1.4, దాని చుట్టూ చిన్న రబ్బరు రింగు వేస్తే సరిగ్గా కూర్చుంటుంది. స్టిక్కరు పీకిన రోజునుంచి అది కొన్ని వారాలే ఉంటుంది. చలికి దాన్ని పూర్తిగా నమ్మొద్దు, ఫోనులో మీటరు యాప్ పెట్టుకోండి. ఫోనూ చల్లబడితే బాబాయిగారి పద్ధతే: మంచి ఎండలో ఎఫ్/16, షట్టరు ఫిల్ము స్పీడుకి దగ్గరది. 400కి 1/500.

మంచు నిండిన ఫ్రేముకి మీటరు చెప్పినదానికంటే ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువ ఇవ్వండి, లేదంటే మంచు బూడిదరంగులో పడుతుంది. తెల్లవారకముందు స్టాండు మీద తీస్తే ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఎక్కువసేపు తెరిస్తే ఫిల్ము మందగిస్తుంది, హెచ్‌పీ5కి మీటరు నాలుగు సెకన్లు చెబితే మీరు ఆరు ఇవ్వాలి.

చిత్తడిగాలి:

రాత్రి బయటి చలిలోంచి పొయ్యి ఉన్న గదిలోకి వచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టెయ్యండి. చెమ్మ కవరు మీద పడుతుంది, లెన్సు మీద కాదు. గంటయ్యాక తీయొచ్చు. బాగా పొడి చలిలో రీలు మెల్లగా చుట్టండి, వేగంగా తిప్పితే స్టాటిక్ పుట్టి నెగటివ్ మీద చెట్టుకొమ్మల్లాంటి గీతలు పడతాయి.

బాగ్‌డోగ్రాకి విమానంలోనే కదా? ఫిల్ము లగేజీలో వేయొద్దు, చేతి బ్యాగులోనే. డబ్బాలు పీకి రీళ్లన్నీ తెల్ల జిప్ కవరులో పెట్టి, చేత్తో చూడమని మర్యాదగా అడగండి. కొత్త సీటీ స్కానర్లలో పడితే ఫిల్ము పోతుంది. ఒకచోట తొందరలో అడగలేదు, నా నాలుగు రీళ్లు పొగపట్టినట్టు వచ్చాయి. అందులో మా అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలున్నాయి.

మబ్బులదారి (నాలుగు వారాల తర్వాత):

వచ్చేశాను. రీళ్లు కడిగించి ఇవాళే స్కాన్లు చూశాను.

పన్నెండులో తొమ్మిది వాడాను. ఒకటి పోయింది. కాలిపోఖ్రిలో గాలికి గ్లవ్స్‌తోనే రీలు తీసి, కాగితం బిగించకుండా జేబులో వేసుకున్నాను. అంచులన్నీ వెలుతురు తాగేశాయి. చినుకు గారు హెచ్చరించినట్టే తుమ్లింగ్ దారిలో ఒక యాకు నడిచి వెళ్తుంటే కెమెరాని తప్పు వైపుకి తిప్పాను, తోక మాత్రమే పడింది.

సందక్‌ఫూలో తెల్లవారుజాము మాత్రం జీవితాంతం ఉంటుంది. అయిదు గంటలకల్లా అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. నేను కాస్త కిందున్న రాతిగోడ మీద కెమెరా పెట్టి వంగాను. అక్కడ కొండల వరసని నిద్రపోతున్న బుద్ధుడంటారు, కుంభకర్ణ శిఖరం తల, కాంచనగంగ పొట్ట. కంటికి తల ఎడమవైపు ఉంటుంది. గ్లాసులో కుడివైపు ఉంది. ముందు పొట్ట మీద గులాబీరంగు పడింది, తర్వాత మెల్లగా తలకి పాకింది. నా ఊపిరికి గ్లాసు మసకబారుతుంటే ఊపిరి బిగబట్టి చూశాను. పక్కన టీ అమ్మే ఆమె వచ్చి ఏమిటని సైగ చేసింది. పక్కకి జరిగాను. ఆమె వంగి గ్లాసులో చూసి, తలెత్తి కొండని చూసి, మళ్లీ వంగింది. రోజూ చూసే కొండని ఆమె అంతసేపు చూస్తుంటే నాకు తీయబుద్ధి కాలేదు. ఆమె లేచాక నాలుగు ఫ్రేములు తీశాను.

వెలుగుకొలత గారు చెప్పింది నిజమే, కొండ నెగటివ్ మీద చిన్నగానే ఉంది. పైనా కిందా కత్తిరించి 56×28 పట్టీ తీశాను. అయినా అది నా పాత 35 మి.మీ. ఫ్రేము కంటే పెద్దదే. ఇసుక లేదు.

ఒక సందేహం. పోర్ట్రాలో దూరపు కొండలన్నీ నీలంగా వచ్చాయి. స్కానింగ్ వల్లనా?

వెలుగుకొలత:

స్కానింగ్ కాదు, ఎత్తులో అల్ట్రావయొలెట్ ఎక్కువ. స్కైలైట్ ఫిల్టరు పెడితే కొంత తగ్గుతుంది. మీ కెమెరాకి బేయొనెట్ 1 సైజు (లెన్సు అంచుకి తిప్పి బిగించే రకం) కావాలి.

సియాటిల్_చినుకు:

ఆ టీ అమ్మే ఆమె గ్లాసులోకి వంగినప్పుడు ఫోనుతోనైనా ఒక ఫొటో తీయాల్సింది మీరు. పట్టీ ఫ్రేము పెట్టండి, చూడాలని ఉంది.

పాతస్టూడియో:

బేయొనెట్ 1 స్కైలైటు, పసుపు రెండూ నా దగ్గర డబ్బాలో ఉన్నాయి. స్టూడియో మూసేశాక వాటికి పని లేదు. అడ్రసు మెసేజ్ పెట్టు బాబూ, సోమవారం కొరియర్ చేస్తాను. పసుపుది నలుపు తెలుపు రీలుకి, దానికి ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి. ఆ బుద్ధుడి నెగటివ్‌ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టకు, కాగితం కవరులో దాచు.